గట్టు మీద ఉండిపోయినవాడు

కుట్టుమిషన్ల షెడ్డు పైన, మన ఇల్లు
నవంబరు 6

చిన్నోడికి,

కాలి కట్టు ఎలా ఉంది? రెండు వేళ్ళు తీసేశారని డాక్టరు కబురు పంపినప్పుడు నీ పక్కన ఉండాల్సిందాన్ని. మీ అన్నను సాగనంపే పనుల్లో పడి రాలేకపోయాను. తప్పుగా అనుకోకు.

ఫోన్ చెయ్యొద్దన్నానని బాధపడ్డావట. మీ ఇద్దరి గొంతూ ఒక్కటేరా. నువ్వు "హలో" అనగానే నా చేతిలోంచి ఫోన్ జారిపోయినంత పనయ్యింది. కొన్నాళ్ళు ఇలా కాగితం మీదే మాట్లాడుకుందాం.

నిన్న కొండ రక్షణ దళం వాళ్ళ దగ్గర్నుంచి మీ అన్న బ్యాగు వచ్చింది. గుడారం గుడ్డ కత్తిరించే బల్ల మీదే విప్పాను. పక్క మిషన్ల వాళ్ళు పని ఆపేసి తలలు దించుకున్నారు. నేను కుట్టిన బ్యాగే కదా, దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. కెమెరా ఉంది. పెద్ద లెన్సు పగిలింది. ట్రైపాడ్ కాలు ఒకటి వంగిపోయింది. మ్యాపు తడిసి ముద్దయింది. తలకు కట్టుకునే లైటు, దిక్సూచి, విజిల్, మందుల డబ్బా, వెండి రేకు దుప్పటి, అన్నీ వచ్చాయి. నువ్వు ఒకటికి రెండుసార్లు సరిచూసి పెట్టించినవే. అందుకే కదా నిన్ను "నడిచే మందుల షాపు" అని ఏడిపించేవాడు.

ఒక్క బీకన్ మాత్రం లేదు. ఆపదొస్తే మీట నొక్కాలి, ఆకాశంలోంచి దళానికి కబురు అందుతుంది అని నాకు పదిసార్లు చెప్పాడే, ఆ పసుపు పెట్టె. దాని సంచి ఖాళీగా వచ్చింది.

ఆ రోజు ఏం జరిగిందో నిన్నెవరూ సరిగ్గా అడగలేదు. అడిగే స్థితిలో నేనూ లేను, దళం వాళ్ళు చెప్పబోతే కూడా వద్దన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. తొందరేం లేదు. కూర్చోగలిగినప్పుడు రాయి.

వదిన

*

కొండ కింద ఆసుపత్రి, రెండో వార్డు
నవంబరు 13

వదినా,

కాలు బాగానే ఉంది. కర్ర పట్టుకుని కిటికీ దాకా నడుస్తున్నాను. ఇక్కడి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. నర్సుని అడిగి మంచం అటు తిప్పించుకున్నాను.

జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి గట్టు ఎక్కాం. వాతావరణం పాడవుతోంది. అన్నయ్య ఇంకొన్ని ఫొటోలు తీసుకుని వస్తానన్నాడు. నేను ముందు దిగి, కింద బాటసారుల కోసం కట్టిన రాతి గదిలో ఉన్నాను. మంచు మొదలైంది. అన్నయ్య దిగుతూ జారాడు. చాలా ఎత్తు నుంచి. పడగానే పోయాడని దళం వాళ్ళు అన్నారు. నొప్పి తెలిసి ఉండదు వదినా, అది మాత్రం నమ్ము.

బీకన్ అన్నయ్య దగ్గరే ఉంది, కానీ పని చెయ్యలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని పరీక్షకని దళం వాళ్ళు ఉంచుకుని ఉంటారు. పొద్దున నేనే కిందికి నడిచి కబురు చెప్పాను. మళ్ళీ వాళ్ళతో పైకి వెళ్ళడంలో, తడి బూట్లలో మంచుకి చచ్చుబడి వేళ్ళు పోయాయి.

నువ్వు వేళకి తింటున్నావా? మిషన్ ముందు కూర్చుంటే నీకు లోకం తెలియదు.

చిన్నోడు

*

షెడ్డు పైన
నవంబరు 24

చిన్నోడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఆ బీకన్ అమ్మిన షాపుకి వెళ్ళాను.

నీకు తెలుసుగా ఆ పెద్దాయన, కొండలెక్కి ఎక్కి మోకాళ్ళు అరిగిపోయి, ఇప్పుడు తాళ్ళూ బూట్లూ అమ్ముకుంటున్న మనిషి. షాపు నిండా జనం. కుర్రజంట ఒకటి అలాంటి బీకనే చేతిలో పట్టుకుని చూస్తున్నారు. నాకు ఒళ్ళు తెలియలేదు. "అది కొనకండి, అది నొక్కితే పలకదు, నా మొగుణ్ణి చంపింది" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా నోట అలాంటి మాటలు ఉన్నాయని నాకే తెలియదు. ఆయన ఆ బీకన్ని వాళ్ళ చేతిలోంచి తీసుకున్నాడు. "నేనే పరీక్షించి ఇచ్చానమ్మా" అని మాత్రం అన్నాడు, అదీ ఎవరికో చెప్పుకుంటున్నట్టు. ఆ జంట ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు.

ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ఇంటికొచ్చారు. షాపు మీద ఫిర్యాదు పెడతారట. ఆయన లైసెన్సు తీసేయించాలంటున్నారు. కాగితం తయారవగానే నేను సంతకం చెయ్యాలి.

ఇంకొకటి. ఆ వెండి రేకు దుప్పటి గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. కొత్తది అరచేతిలో ఇమిడే మడత. ఒక్కసారి విప్పితే ఎంత కష్టపడ్డా మళ్ళీ ఆ మడతకి రాదు. గుడ్డలు మడిచే బతుకు నాది, నాకు తెలుసు. బ్యాగులో వచ్చింది విప్పిన దుప్పటి. పడగానే పోయినవాడికి దుప్పటి ఎవరు విప్పారు?

వదిన

*

రెండో వార్డు
నవంబరు 30

వదినా,

దుప్పటి దళం వాళ్ళు కప్పి ఉంటారు. కిందికి తెచ్చేటప్పుడు అలా కప్పుతారు.

పెద్దాయన జోలికి వెళ్ళొద్దు వదినా. ఆయన మంచివాడు. చలికి బ్యాటరీలు ఎవరివైనా పోతాయి. సంతకం చెయ్యకు. చేస్తే పోయిన మనిషి వస్తాడా? నా మాట విను.

కట్లు మారుస్తున్నారు, ఎక్కువ రాయలేను.

చిన్నోడు

*

షెడ్డు పైన
డిసెంబరు 4

చిన్నోడికి,

నువ్వు పొడి పొడిగా రాసినప్పుడల్లా ఏదో మింగుతున్నావని నాకు తెలుసు. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నువ్వు ఏడో తరగతి. లెక్కల్లో మార్కులు తగ్గిన రోజున కూడా ఇలాగే "కాలు నొప్పి" అని పడుకునేవాడివి.

మందుల డబ్బా ఈ రోజు విప్పాను. నొప్పి మాత్రల పట్టీ నేనే పెట్టాను, పది ఉండాలి. ఆరే ఉన్నాయి. నాలుగు గుంటలు చింపి ఉన్నాయి, పళ్ళతో చింపినట్టు. చేతులు కొంకర్లు పోయినవాడు చింపినట్టు.

పోయినవాడు మాత్రలు మింగడురా. మీ అన్న బతికే ఉన్నాడు. ఎంతసేపు? నాలుగు మాత్రలంటే ఒక పూట కాదు.

నాకెందుకు అబద్ధం చెప్పావు? నేను తట్టుకోలేనని అయితే, ఆ సంగతి నువ్వు నిర్ణయించకు. వేరే కారణం ఉంటే, అది చెప్పు.

కాగితం వచ్చింది. పదిహేనో తారీకున సంతకం చేస్తున్నాను. బతికి ఉన్న మనిషి చేతిలో పలకని పెట్టె పెట్టినవాణ్ణి నేనెందుకు వదలాలి?

వదిన

*

రెండో వార్డు
డిసెంబరు 9

వదినా,

సంతకం చెయ్యకు. బీకన్ బాగానే పని చేస్తుంది. అది నా మంచం పక్క సొరుగులో ఉంది.

అన్నీ రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆ రోజు పొద్దున అన్నయ్య లెన్సులు అటూ ఇటూ సర్దుకుంటూ, సంచిలోంచి బీకన్ తీసి "కాసేపు ఇది నీ దగ్గర ఉంచరా" అని నా చేతికిచ్చాడు. కోటు జేబులో వేసుకున్నాను. ఇద్దరం మర్చిపోయాం. గట్టు ఎక్కేసరికి రెండయింది. పడమటి వైపు ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. దిగుదామన్నాను.

"ఇంకో గంట. ఆ మబ్బు చీలుతుంది చూడు. పదేళ్ళ నుంచి ఈ వెలుగు కోసమే తిరుగుతున్నా" అన్నాడు.

"మబ్బు చీలేలోపు మన దుంప తెగుతుంది. పద."

"భయమైతే నువ్వు దిగు. మందుల షాపు మూసే టైమైందిగా."

ఎప్పుడూ అనేదే. ఆ రోజు మాత్రం మండింది. రెండు రోజులుగా అతని ట్రైపాడ్ మోస్తూ, అతని జోకులకి నవ్వుతూ ఉన్నాను. "నీ ఫొటోలు నువ్వే తీసుకో, నీ శవాన్నీ నువ్వే మోసుకో" అన్నాను. అవే నేను అతనితో అన్న చివరి మాటలు.

అరగంట దిగాక చేతి తొడుగుల కోసం జేబులో చెయ్యి పెట్టాను. బీకన్ తగిలింది. ఆగిపోయాను. వెనక్కి ఎక్కితే గంట పడుతుంది. పట్టనీ, వదినా, గంట ఎంత. కానీ ఎక్కి వెళ్తే "ఏరా, ఒక్కడివే దిగలేకపోయావా" అంటాడు. ఆ మాట నా చెవిలో ముందే వినిపించింది. దిగిపోయాను. తెలిసి దిగిపోయాను.

మర్నాడు పొద్దున ఏడూ నలభైకి రాతి గదిలోంచి నేనే మీట నొక్కాను. వెంటనే పలికింది. మధ్యాహ్నానికల్లా దళం వచ్చింది, కానీ అది చూపించిన చోటికి, అంటే నా దగ్గరికి. అక్కణ్ణుంచి వెతుక్కుంటూ వెళ్ళి అన్నయ్యని చేరేసరికి మూడయింది. కాలు విరిగింది. దుప్పటి తనే కప్పుకుని, అంచులు నడుం కిందికి దోపుకున్నాడు. అప్పటికే పోయాడు. ఎప్పుడు పోయాడో నాకు తెలియదు.

పెద్దాయనకి చెప్పు. నన్ను ఏమైనా అను.

చిన్నోడు

*

షెడ్డు
డిసెంబరు 17

కాగితం చింపేశాను. సంఘం వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

షాపుకి వెళ్ళాను. ఎంతమంది ముందు అరిచానో అంతమంది ఉండే వేళకే వెళ్ళాలని శనివారం దాకా ఆగాను. కానీ షాపు ఖాళీగా ఉంది. జనం రావడం మానేశారు. ఆయన కౌంటరు మీద బీకన్లన్నీ వరసగా పెట్టి, ఒక్కోటీ తీసి పరీక్షిస్తున్నాడు. "మీ తప్పేం లేదు, పొరపాటు మాది" అన్నాను. ఆయన నా వైపు ఒక కుర్చీ జరిపాడు. ఇంకో బీకన్ చేతిలోకి తీసుకుని "రోజూ పొద్దున్నే వీటిని చూసుకుంటున్నానమ్మా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేదు, నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది" అన్నాడు. నీ అబద్ధాన్ని నేను మోసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టాను.

కెమెరాలో కార్డు తీసి చూశాను. పడ్డ తరవాత మీ అన్న నలభై మూడు ఫొటోలు తీశాడు. మొదటివన్నీ మంచు, బూడిద రంగు. చివరివి ఉదయానివి. అతను ఎదురుచూసిన వెలుగు వచ్చింది. మబ్బు చీలి, లోయంతా పడింది. ఆఖరి ఫొటో తొమ్మిదీ పదికి తీసింది.

ఇంకా ఏమైనా దాచావా? ఉంటే ఇప్పుడే చెప్పు. నెలకొకటి చొప్పున నా మొహాన కొట్టకు.

*

ప్రెస్సు వెనక గది
ఫిబ్రవరి 2

వదినా,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చేశాను. మళ్ళీ ప్రెస్సులో చేరాను. ఎక్కువసేపు నిలబడలేనని కత్తిరింపు మిషన్ మాన్పించి, ప్రింట్ల రంగులు సరిచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఒకటి ఉంది. ఇది దళానికి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు.

ఆ సాయంత్రం చీకటి పడబోతుండగా, రాతి గదిలో స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, వెలిగించబోయాను. అప్పుడు విజిల్ వినిపించింది. మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడుసార్లు. ఆపదలో అలా ఊదాలని అన్నయ్యకి నేర్పింది నేనే.

గాలి అనుకున్నాను. పైకప్పు రేకుల సందులోంచి గాలి దూరితే అలాగే మోగుతుంది. అలా అనుకోవాలని అనుకున్నాను. తలుపు తీశాను. మంచు మొహాన కొట్టింది. "అన్నయ్యా" అని ఒక్కసారి పిలిచాను. ఒక్కసారే. తలుపు వేసేశాను. బీకన్ చేతిలోకి తీసుకున్నాను, మూత తెరిచాను కూడా. అన్నయ్య ఏ బండ కిందో దాక్కుని ఉంటాడు, పొద్దున నవ్వుకుంటూ దిగుతాడు, ఊరికే దళాన్ని పిలిపించానని ఏడాది పొడుగునా నా పరువు తీస్తాడు అనుకున్నాను. మూత వేసేశాను.

తరవాత స్టవ్వు వెలిగించి మంట పెద్దది చేశాను. నీళ్ళ కోసం కాదు. అది బుస్సుమని మోగుతుంటే ఇంకేమీ వినపడదని.

ఇక ఏమీ లేదు. ఇంతే.

మీ మరిది

*

షెడ్డు పైన
మే 19

చిన్నోడికి,

నీ ఉత్తరం అందాక మూడు నెలలు నీ పేరు తలుచుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు. పగ అని కాదు. నిన్ను తలుచుకుంటే ఆ స్టవ్వు చప్పుడు వినిపించేది.

మంచు కరిగిందని తెలిసి పోయిన వారం కొండకి వెళ్ళొచ్చాను. మీ అన్నని వెతికిన దళం నాయకురాలే తీసుకెళ్ళింది. షాపు పెద్దాయన కూడా వచ్చాడు. నేను రమ్మనలేదు, ఎలా అడుగుతాను? బూట్లు కొలత చూస్తూ ఎక్కడికని అడిగాడు, చెప్పాను. తన మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని బయల్దేరాడు.

నాకు ఒక్కటి తేల్చుకోవాలనిపించింది. ఆయన్ని రాతి గదిలో కూర్చోబెట్టి, నేనూ నాయకురాలూ మీ అన్న పడిన చోటికి వెళ్ళాం. పైనుంచి చూస్తే ఆ గది అగ్గిపెట్టెంత ఉంది. మధ్యలో వాగు. అక్కడ ఒక చదును బండ, దాని పక్కన పసుపు పూల మొక్కలు మొలిచాయి. కాసేపు కూర్చున్నాను. తరవాత రెండు విడతలుగా విజిల్ ఊదాను. మూడు, ఆగి మూడు. చెప్పుకున్న ప్రకారం, ముందు తలుపు వేసి స్టవ్వు వెలిగించి, తరవాత స్టవ్వు ఆర్పి, ఆయన వినాలి. వినిపించింది వినిపించినట్టు కాగితం మీద రాసుకోవాలి.

కిందికి దిగాక ఆయన కాగితం ఇవ్వకుండా చేతిలో మడుస్తూ నిలబడ్డాడు. నేనే లాక్కున్నాను. స్టవ్వు వెలుగుతుంటే వినిపించలేదు. ఆర్పేశాక వినిపించింది.

నువ్వు విన్నది గాలి కాదు. ఇది నీకు చెప్పకుండా ఉండొచ్చు. నువ్వు నాకు చెప్పినట్టే నేనూ నీకు ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టొచ్చు. అలాంటి దయ మళ్ళీ మనింట్లో వద్దు.

నాయకురాల్ని అడిగాను, నువ్వు ఆ సాయంత్రం బయల్దేరి ఉంటే? ఆమె వాగు వైపు చూపించింది. "ఆ మంచులో, తాడు లేకుండా, నా దళాన్ని కూడా అది దాటనివ్వను. వెళ్ళి ఉంటే ఇద్దర్నీ మోసుకొచ్చేవాళ్ళం" అంది. సాయంత్రమే మీట నొక్కి ఉంటే అని కూడా అడిగాను. ఆమె వంగి బూటు తాడు సరిచేసుకుంది. "తెల్లవారగానే బయల్దేరేవాళ్ళం" అంది. అంతకు మించి అనలేదు. తొమ్మిదీ పది మాట నేనూ ఎత్తలేదు. ఆ లెక్క నేను వేసుకున్నాను, నువ్వూ వేసుకునే ఉంటావు. ఇక మనిద్దరిలో ఎవరమూ మళ్ళీ వెయ్యొద్దు.

నాదీ ఒకటి ఉంది, విను. బీకన్ సంచిలో పెడితే అటూ ఇటూ పోతోందని, బ్యాగు భుజం పట్టీ మీద దానికి ఒక జేబు కుట్టమని మీ అన్న మూడు వారాలు నా వెంట పడ్డాడు. గట్టిగా కుడితే పావుగంట పని. గుడారాల ఆర్డరు ఉంది, తరవాత చూద్దాం అన్నాను. చివరిసారి విసుక్కున్నాను కూడా. "సరేలేవే, నీ చేతులు ఖాళీ అయినప్పుడే" అని వెళ్ళిపోయాడు. ఆ జేబు ఉండి ఉంటే అది నీ కోటులోకి వచ్చేది కాదు. పెద్దాయన మీద అంత గట్టిగా ఎందుకు అరిచానో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. నువ్వు రాసింది మర్చిపోవడం నా వల్ల కాదు. కానీ మీ అన్న గురించి మాట్లాడాలంటే నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? అతని జోకులు వేరేవాళ్ళకి చెప్తే జాలిగా చూస్తున్నారు, నవ్వడం లేదు.

సంఘం వాళ్ళు ఆ నలభై మూడింటిలో పన్నెండు ఫొటోలు పుస్తకంగా వేస్తామంటున్నారు. రంగులు ఎలా ఉండాలో చెప్పమని నా దగ్గరికి తెచ్చారు. నాకేం తెలుసు? ఒకళ్ళు ఎర్రగా తీశారు, ఒకళ్ళు నీలంగా. ఆ ఉదయం, ఆ లోయలో, ఆ వెలుగుని చూసి ఇప్పుడు బతికున్నది నువ్వొక్కడివే. అది నీ బల్ల మీద జరగాల్సిన పని.

జూన్ మొదటి వారంలో రా. ఫొటోలు తీసుకుపో. అతని గది సర్దాలి, పెట్టెలు నా ఒక్కదాని వల్ల కావడం లేదు. మొదటి రోజు మనిద్దరికీ మాటలు రాకపోవచ్చు. రాకపోతే మానె, పని ఉంది కదా.

వీధి వైపు మెట్లు ఎత్తు, నీ కాలికి కష్టం. వెనక తలుపు తీసి ఉంచుతాను. అటు రా.

వదిన